పాల క్యానుకు వేసిన మాటు

నాకు అసహ్యం కాస్త ఎక్కువ. ఒకరు తాగిన గ్లాసులో నీళ్ళు తాగను. తినేటప్పుడు వెంట్రుక కనిపిస్తే కంచం పక్కకి తోసేస్తాను. వీధిలో అందరి బట్టలూ ఉతికి ఇస్త్రీ చేసి బతికేదానికి ఇంత శుభ్రం పిచ్చి ఏంటని మా అక్క దెప్పుతూ ఉంటుంది. రోజంతా పరాయివాళ్ళ చెమటా మరకలూ చేత్తో పట్టుకుంటాను కాబట్టే నా ఇంట్లో మురికి సహించనని నేనంటాను. కానీ మా బావ పనిచేసిన బ్యాటరీల షెడ్డును తలుచుకుంటే కలిగేది ఈ రకం అసహ్యం కాదు. అది ముక్కు దగ్గర ఆగదు. కడుపులోకి దిగి అక్కడే కూర్చుంటుంది.

బావ అంటే మా అక్క మొగుడు. మొదట్లో ఆయనకి బ్యాటరీలతో సంబంధం లేదు. వీధులు తిరిగి చిల్లుపడ్డ గిన్నెలకు మాట్లు వేసేవాడు. బొగ్గుల కుంపటి, ఒక కత్తెర, తగరం కడ్డీ, ఇవే ఆయన సరంజామా. చిల్లు చుట్టూ గీకి, వేడిచేసి, ఇంత తగరం కరిగించి రుద్దితే ఆ గిన్నె మళ్ళీ కారేది కాదు. పెళ్ళయిన కొత్తలో మా ఇంటికొచ్చినా సరాసరి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు బోర్లించి అడుగులు చూసేవాడు.

“ఏం బావా, మా అక్కని చూడ్డానికొచ్చావా, మా గిన్నెల్ని చూడ్డానికా?” అని ఆటపట్టించేదాన్ని.

“మీ అక్కకి చిల్లులు లేవుగా” అనేవాడు.

నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునేవాళ్ళు. నా దగ్గర మాత్రం ఆ నాలుక బాగానే ఆడేది.

తర్వాత ప్లాస్టిక్ వచ్చిపడింది. చిల్లుపడితే పారేసి కొత్తది తెచ్చుకోవడం అందరికీ అలవాటైంది. మాట్లు వేయించుకునేవాళ్ళు లేక బావ కుంపటి చల్లారింది. కొన్నాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ ఇంట్లో కూర్చున్నాడు. లోహం కరిగించడం తెలిసినవాడు ఉన్నాడని ఎవరో చెబితే, పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు యజమాని పిలిచి పనిలో పెట్టుకున్నాడు. అక్కడ అందరూ ఆయన్ని మేస్త్రీ అన్నారు. పిచ్చి మనిషి, ఆ ఒక్క పిలుపుకే ఉబ్బిపోయాడు.

ఆ షెడ్డులోకి నేను ఒకే ఒక్కసారి వెళ్ళాను, ఆయన మర్చిపోయిన తాళంచెవి ఇవ్వడానికి. లోపల కార్లవీ, లారీలవీ, కరెంటు పోయినప్పుడు ఇళ్ళలో వాడేవీ, పనికిరాని బ్యాటరీలు గుట్టలుగా పడున్నాయి. ఒకడు గొడ్డలితో మూత పగలగొట్టి, యాసిడ్ అంతా నేల మీదే వంచేస్తున్నాడు. అది సిమెంటును తినేసి గోడవారగా గాడి చేసుకుని మురుగుకాలువలోకి పోతోంది. ఇంకొకడు లోపలి పలకల్ని వట్టి చేతులతో లాగి విసిరేస్తున్నాడు. వాటికి అంటుకున్న బూడిదరంగు ముద్ద నేలమీద రాలి, ఎండి, నడిచేవాళ్ళ కాళ్ళకింద పొడై లేస్తోంది. గోడలూ, కిటికీ ఊచలూ, మేకులకి తగిలించిన చొక్కాలూ, మనుషుల కనురెప్పలూ అన్నిటిదీ ఒకటే రంగు. ఒకడు ఆ చేత్తోనే ముక్కు చీది, ఆ చేత్తోనే జేబులోంచి ఏదో తీసి నోట్లో వేసుకున్నాడు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాను.

బావ పని కొలిమి దగ్గర. పలకల్ని కరిగించి సీసం దిమ్మెలు పోస్తాడు. అటువైపు నుంచి వెల్లుల్లి వేయించినట్టు వాసన వచ్చింది.

“ఇక్కడెవరు వండుతున్నారు బావా?” అన్నాను.

“ఎవరూ వండట్లేదే. పలకలు కరిగితే ఇదే వాసన. ఆకలి పుడుతుంది కదూ?” అని నవ్వాడు.

ఆ నవ్వులో చిగుళ్ళ అంచున నల్లటి గీత కనిపించింది, పుల్లతో కాటుక దిద్దినట్టు. పళ్ళు తోముకోవడం లేదేమో అనుకున్నాను. తాళంచెవి ఆయన చేతిలో పడేసి వెనక్కి తిరిగాను.

యజమాని గేటు బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని. షెడ్డులో ఆయన మంచినీళ్ళు కూడా ముట్టడు. టీ తాగాలంటే వీధి చివరిదాకా నడిచి వెళతాడు. కానీ పనివాళ్ళంటే ప్రాణమని చెప్పుకుంటాడు. ఎందుకంటే రోజూ మధ్యాహ్నం పెద్ద క్యాను నిండా పాలు తెప్పిస్తాడు. “తాగండిరా, పాలు సీసాన్ని విరిచేస్తాయి. లోపలున్నదంతా కడుక్కుపోతుంది” అంటాడు. ఆ షెడ్డులో అదే మందు, అదే నమ్మకం. పాలు రాగానే గొడ్డళ్ళు పక్కన పడేసి, చేతులు ప్యాంట్లకి తుడుచుకుని, ఒకే గ్లాసును ఒకరి తర్వాత ఒకరు క్యానులో ముంచుకుని కొలిమి పక్కనే నిలబడి తాగేవాళ్ళు. పాల మీద బూడిదరంగు మీగడ కట్టేది. దాన్ని వేలితో తీసి నాకేవాళ్ళు కూడా ఉన్నారట. బావ ఇదంతా ఏదో మంచి సంగతి చెప్పినట్టు చెప్పేవాడు.

బావ మాత్రం తన వంతు తాగేవాడు కాదు. ఇంటికి తెచ్చేవాడు. మేమంతా ఉండేది ఒకే ఇంట్లో, అక్కడ ఆయన మనవరాలు ఉంది. అక్క కూతురు బట్టల దుకాణంలో పనికి వెళుతుంది, అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. అందుకని వాళ్ళ పిల్ల మా అక్క ఒళ్ళోనూ నా ఇస్త్రీ బల్ల కిందా పెరిగింది. మేం చిట్టి అని పిలుస్తాం. దానికోసం బావ ఒక చిన్న మూత క్యాను పట్టుకెళ్ళి, మధ్యాహ్నం పాలు పోయించుకుని, కొలిమి పక్కన గట్టు మీద పెట్టి, సాయంత్రం తెచ్చేవాడు. కడుపు మాడ్చుకుని మరీ తెచ్చే పాలవి.

ఒకసారి ఆ క్యాను అడుగున చిల్లుపడింది. పారెయ్యమంది అక్క. బావ మొహం వెలిగిపోయింది. మర్నాడు షెడ్డుకి పట్టుకెళ్ళి, సాయంత్రం వచ్చేసరికి లోపలా బయటా నున్నగా, రూపాయిబిళ్ళంత మాటు వేసుకొచ్చాడు. నా ఇస్త్రీ బల్ల మీద బోర్లించి చూపించాడు.

“తగరం ఎక్కడ దొరికింది బావా?”

“తగరం ఇప్పుడెక్కడిదే? ఇది పలక సీసం. వట్టి సీసం మెత్తగా ఉంటుంది, గోరు పెడితే దిగుతుంది. పలకలది గట్టిది. ఈ క్యాను అరిగిపోవాలిగానీ ఈ మాటు ఊడదు.”

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన చేతికి తన పాత పని దొరికింది. ఆ రోజు అన్నం మారు వడ్డించుకుని తిన్నాడు. ఈ పనితనం చూసి యజమాని కూడా ముచ్చటపడి, షెడ్డులో పాలు తెచ్చే పెద్ద క్యానుకు కూడా మాటు వేయించుకున్నాడు.

అప్పట్నుంచి చిట్టికి తాత తెచ్చే పాలంటే మరీ ఇష్టం. మధ్యాహ్నమంతా ఆ వేడికి నిలవుండి కాస్త పులిసిన వాసన వేసేవి, కానీ నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉండేవట. “తాత పాలు తియ్యగా ఉంటాయి” అని వీధిలో అందరికీ చెప్పేది. చక్కెర వెయ్యకుండానే తియ్యగా ఉన్నాయంటే అది తాత చేతి చలవ అని అక్క మురిసిపోయేది.

షెడ్డు దుమ్ము ఇంట్లోకి రాకుండా నేను కాపలా కాసేదాన్ని. బావ వాకిట్లోనే బట్టలు విప్పి, పెరటి కుళాయి కింద ఒళ్ళు రుద్దుకుని గానీ గడప దాటకూడదు. ఆయన బట్టలకి వేరే తొట్టి. అవి యాసిడ్‌కి జల్లెడలా అయిపోయేవి. కిటికీలోంచి “చెవుల వెనక రుద్దు బావా!” అని అరిస్తే, “పెళ్ళిచూపులకి కూడా ఇంత తోముకోలేదే” అని గొణిగేవాడు. ఆయన స్నానం అయ్యేలోపే చిట్టి పాల క్యాను లాక్కుని లోపలికి పరిగెత్తేది. పాలు కాబట్టి అవి షెడ్డు నుంచి వచ్చాయని ఎవరికీ తట్టలేదు.

పిల్ల చిక్కిపోవడం మొదలైంది. కడుపునొప్పని మెలికలు తిరిగిపోయేది. తిండి చూస్తే మొహం తిప్పుకునేది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. గలగలా మాట్లాడే పిల్ల నేర్చుకున్న మాటలు కూడా వెతుక్కోసాగింది. నన్ను చూసి “చిన్నమ్మమ్మా” అనబోయి మధ్యలో ఆగిపోయి, ఏం అనాలో తెలియక ఏడ్చేది. బలం లేదనుకుని అక్క ఇంకాస్త పాలు పట్టింది. బావ వెళ్ళి యజమానిని బతిమాలి క్యాను నిండా తెచ్చేవాడు. “తీసుకెళ్ళు మేస్త్రీ, పసిపిల్ల కోసమంటే కాదంటానా” అని ఆ మహానుభావుడు తన చేత్తోనే పోయించేవాడట. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కాండ్రించి ఉమ్మాలనిపిస్తుంది.

ఆఖరికి పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్క ఏడుపు చూడలేక నేనూ వెంట వెళ్ళాను. డాక్టరమ్మ పిల్లని చూసి, తర్వాత పిల్లని ఎత్తుకున్న బావ చేతివైపు చూసింది. కొన్నాళ్ళుగా ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోతోంది. పని అలుపు అని మేమంతా సరిపెట్టుకున్నాం.

“మీరేం పని చేస్తారు?” అని అడిగింది. చెప్పాడు. చిగుళ్ళు చూపించమంది. అరచేతులు తిప్పి చూసింది. అరచేతుల నిండా గరుకుగా చిన్న చిన్న కాయలు ఉన్నాయి. ఇద్దరి రక్తమూ పరీక్షకు పంపింది.

ఫలితాలు వచ్చాక మళ్ళీ పిలిచింది. “ఇద్దరి ఒంట్లోనూ సీసం ఉంది. కానీ తాతకంటే పిల్లలోనే ఎక్కువుంది. ఇదెలా? పిల్ల షెడ్డుకి వెళుతుందా?”

“గేటు కూడా చూడలేదు డాక్టరమ్మా” అంది అక్క.

“ఈయన బట్టలు?”

నేను ముందుకొచ్చి నా తొట్టి గురించీ, కుళాయి గురించీ, చెవుల వెనక సంగతీ అంతా చెప్పాను. ఆవిడ తలూపింది.

“మంచి పనే చేశారు. మరి షెడ్డు నుంచి ఇంకేమైనా ఇంట్లోకి వస్తుందా?”

“ఏమీ రాదు డాక్టరమ్మా” అన్నాడు బావ. “పాలు తప్ప.”

ఆవిడ రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. “ఏం పాలు?” అంది.

మర్నాడు క్యాను తీసుకెళ్ళి చూపించాం. ఆవిడ దాన్ని వెలుతురు వైపు తిప్పి లోపలికి చూసింది. మాటు చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంది. దేంతో వేశారని అడిగితే, బావ మొదట అలవాటుగా కాస్త గర్వంగానే పలక సీసం గొప్పలు మొదలుపెట్టాడు. ఆవిడ మొహం చూశాక గొంతు తగ్గిపోయింది.

డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. పాలు వేడిలో నిలవుంటే పులుస్తాయి, ఆ పులుపు సీసాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది, అలా కరిగిన సీసం నాలుకకి తియ్యగా తగులుతుంది. పలకలు వంగిపోకుండా గట్టిగా ఉండాలని వాటి సీసంలో ఆర్సెనిక్ కూడా కలుపుతారు. కొలిమి దగ్గర వస్తుందని నేను చెప్పిన వెల్లుల్లి వాసన దానిదే, అరచేతుల్లో కాయలూ దానివల్లే అయ్యుంటాయి. పెద్దవాళ్ళకంటే పిల్లల ఒళ్ళు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది, వాళ్ళ మెదడు ఇంకా పెరిగే దశలో ఉంటుంది కాబట్టి దెబ్బ అక్కడే తగులుతుంది.

“కానీ పాలు సీసాన్ని విరిచేస్తాయి కదండీ?” అన్నాడు బావ. ఆ గొంతు వినలేకపోయాను.

“విరవవు. శుభ్రమైన చోట, శుభ్రమైన చేతులతో తాగితే పాలు మంచివే. ఆ కొలిమి పక్కన తాగితే పాలతోపాటు సీసమూ తాగినట్టే.”

“పిల్లకి నయమైపోతుందా?” అని అక్క అడిగింది.

“ముందు లోపలికి పోవడం ఆగాలి. రక్తంలో ఉన్నది మందులతో తగ్గిద్దాం. మాటల సంగతీ చదువు సంగతీ నేనిప్పుడే చెప్పలేను. పెరిగేకొద్దీ చూడాలి.”

బావ ఇంటి గుమ్మం ముందు ఆగి, “నేనే వేశానే ఆ మాటు” అన్నాడు.

మర్నాడు షెడ్డుకి వెళ్ళి, పాల వేళకి పెద్ద క్యాను బోర్లించి, డాక్టరమ్మ చెప్పిందంతా అందరికీ చెప్పాడట. ఒకడు నవ్వాడు. ఒకడు మూతి తుడుచుకుని, “ఇన్నాళ్ళూ తాగాం, చచ్చామా?” అన్నాడు. ఇంకొకడు నేల మీద కారిన పాలు చూసి అయ్యో అన్నాడు. బావ ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత పనికి వెళ్ళలేదు.

ఇంట్లో ఇంకో నరకం మొదలైంది. చిట్టికి మంచి పాలు ఇస్తే ఉమ్మేసేది. “ఇవి... ఇవి తియ్యగా లే... తాత పాలు” అని తడబడుతూ గ్లాసు తోసేసేది. చక్కెర వేసినా ఒప్పుకోదు. ఆ నాలుకకి ఏ తీపి అలవాటైందో తలుచుకుంటే నాకు చేతిలో ఇస్త్రీపెట్టె ఎత్తి ఎవరి నెత్తినైనా వెయ్యాలనిపించేది. ఎవరి నెత్తినో కూడా తెలుసు.

ఆ నెత్తి తనంతట తానే మా వాకిట్లోకి వచ్చింది. ఒక సాయంత్రం యజమాని కారు ఆగింది. వెనక డ్రైవరు చేతిలో షెడ్డు పాల క్యాను, అదే పెద్దది. తెచ్చి గడప ముందు పెట్టాడు.

“ఏం మేస్త్రీ, మనవాళ్ళకి ఏదేదో నూరిపోస్తున్నావట? ఆసుపత్రి కాగితం పట్టుకుని గవర్నమెంటు ఆఫీసులవాళ్ళు వచ్చి నన్ను ప్రశ్నలు అడుగుతున్నారు” అన్నాడు యజమాని నవ్వుతూనే. “పిల్లకి ఒంట్లో బలం లేదు, అంతేగా. ఇవాళ్టి పాలన్నీ దానికే తెచ్చాను. రోజూ పంపిస్తాను. నువ్వు మాత్రం పనిలోకి రా. కొలిమి ఆరిపోయింది.”

మేం తేరుకునేలోపే చిట్టి క్యానును గుర్తుపట్టింది. లోపలికి పరిగెత్తి తన గ్లాసు తెచ్చుకుంది. “తియ్య... తియ్య పా... తాతా!” అని గెంతుతోంది. ఎన్నాళ్ళకో దాని మొహంలో నవ్వు చూశాం. అక్క గుమ్మం పట్టుకుని బిగుసుకుపోయింది.

బావ పిల్ల చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. కుడిచేతికి పట్టు లేదు కాబట్టి ఎడంచేత్తో పాలు ముంచాడు. రెండు చేతులూ ఆనించి, ఎప్పుడూ మాట్లాడే వినయంతోనే, యజమాని ముందుకి చాపాడు.

“ముందు మీరు తాగండి బాబుగారూ.”

“నాకు పాలు పడవయ్యా.”

“ఒక్క గుక్క.”

“పడవని చెప్పానా?”

“మీరు షెడ్డులో మంచినీళ్ళు కూడా ఎందుకు తాగరు బాబుగారూ?”

యజమాని ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్కడ నేను ఉతికి ఆరేసిన తెల్ల దుప్పట్ల మధ్య ఆగి, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఆ షెడ్డులో ఏది విషమో ఇన్నేళ్ళుగా తెలిసిన ముక్కు అది. నా జన్మలో అంత రోత ఎప్పుడూ పుట్టలేదు. ఆయన బూట్ల పక్కనే ఉమ్మాను.

బావ గ్లాసు నేలమీద ఒంపి, క్యానును కాలితో తన్నాడు. అది దొర్లి బోర్లా పడింది. అడుగున ఆయన వేసిన మాటు, ఎండలో తళతళలాడుతూ. పాలు వాకిలంతా పారాయి. కారు వెళ్ళిపోయింది.

చిట్టి గుండెలు బాదుకుని ఏడ్చింది. నేను పాలమీద కప్పడానికి మట్టి తట్ట కోసం పెరట్లోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి వీధికుక్క ఒకటి వచ్చి పాలమీదికి నాలుక చాపుతోంది. బావ దాన్ని అదిలిస్తున్నాడు. అది అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు, వాలిపోయిన చెయ్యి ఊగుతుండగా అడ్డం పడుతున్నాడు. ఒక్క చుక్క కూడా దాని నోటికి అందనివ్వలేదు.

“తాత చెడ్డోడు!” అని చిట్టి నేలమీద పడి కాళ్ళు కొట్టుకుంది. ఇన్నాళ్ళ తర్వాత అది తడబడకుండా చెప్పిన మాట అదే.

“అవునమ్మా” అన్నాడు బావ, కుక్కకి అడ్డంగా నిలబడే.